అమ్మ పక్క గదిలోనే ఉంది, నాకే మాట రావడం లేదు

పీలేరోడు (తిరుపతి), శనివారం రాత్రి 11:20

ఈ ఆన్‌లైన్ వేదికలో ఇన్నాళ్లూ బండి రిపేర్లు, ఇళ్ల స్థలాల గురించే అడిగాను. ఇది వేరే సంగతి. ఎవరూ నవ్వకండి.

నాకు 39 ఏళ్లు. 1989లో, నాకు మూడేళ్లప్పుడు, మా అమ్మ కువైట్ పోయింది. అరబ్బు ఇంట్లో పని. నన్ను పీలేరు పక్కన పల్లెలో అవ్వ దగ్గర వదిలింది. నాయన చిత్తూరు బెల్లం మండీలో హమాలీ, పది పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. 1990 ఆగస్టులో ఇరాక్ వాళ్లు కువైట్ మీద పడ్డాక అందరితో పాటు అమ్మా వచ్చేసింది. కొన్నాళ్లుండి 1992లో మళ్లీ పోయింది. ఈసారి ఆరేళ్లు. తిరిగొచ్చేసరికి నాకు పన్నెండు.

ఆమె పోయినప్పటిది నాకు గుర్తున్నది ఒక్కటే. పొద్దున లేచాను, పక్కన అమ్మ లేదు. అవ్వ పొయ్యి ఊదుతూ "బొరుగులు తెస్తానని అంగడికి పోయిందిరా" అంది. ఆ బొరుగులు ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా భార్య స్టాఫ్ నర్సు. మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టు, ఇక్కడి జీతానికి మూడింతలు. ఇంటి లోను సగానికి పైగా తీరిపోతుంది. మా పాపకు మూడేళ్లు. "పోనా?" అని అడిగితే "నీ ఇష్టం" అన్నాను. అన్న రోజు నుంచి ఇంట్లో గిన్నె కింద పడినా అరుస్తున్నాను. ఆమె డ్యూటీ నుంచి అరగంట ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడతాను. తీరా వచ్చాక మాట్లాడను.

అమ్మ మాతోనే ఉంటోంది. రోజుకు ఆమెతో నేను మాట్లాడేది మూడే మాటలు. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, పడుకో. కోపమేమీ లేదు. అంతకు మించి గొంతు దాటి రాదు, అంతే.

ఎప్పుడో మూడేళ్లప్పటి సంగతి ఇప్పుడు ఇట్లా పట్టుకుంటుందా? లేక నా కోపానికి నేనే సాకు వెతుక్కుంటున్నానా?

చెనక్కాయల చేను (పలమనేరు), రాత్రి 11:52

అన్నా, ఏమీ అనుకోవద్దు. మా తాతోళ్లు ఎనిమిది మంది. కరువులో ముగ్గుర్ని మేనమామల ఇళ్లకు తోలేశారు. అందరూ పెళ్లిళ్లు చేసుకున్నారు, సేద్యం చేశారు, ముసలోళ్లై పోయారు. ఎవరికీ ఇవేమీ తెలియవు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, బాల్యంలో గాయం, అమ్మతో బంధం అని వీడియోలు. వాటిని చూసి టెన్షన్ తెచ్చుకోవద్దు. మీ అవ్వ సంగటి ముద్ద, ఊరిబిండి పెట్టి సాకింది కదా. అది చాలదా?

అంగన్‌వాడీ అక్క (పాకాల), ఆదివారం ఉదయం 6:05

పలమనేరు తమ్ముడూ, నేను 22 ఏళ్లుగా మూడేళ్ల పిల్లల్నే చూస్తున్నాను. జూన్‌లో కొత్తగా వచ్చిన పిల్లలు గుమ్మం పట్టుకుని ఏడుస్తారు. వాళ్లతో నాకు బెంగ లేదు. పది రోజుల్లో సర్దుకుంటారు. అమ్మ వదిలి పోతుంటే తల కూడా తిప్పకుండా వచ్చి కూర్చునే పిల్లలు ఒకరిద్దరు ఉంటారు చూడు, వాళ్ల మీదే నా కన్నుంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు అందరూ. ఆరా తీస్తే చాలాసార్లు ఆ ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది.

మాటల డాక్టరు (తిరుపతి), ఆదివారం ఉదయం 9:40

పేరు చూసి డాక్టరనుకోకండి. మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌ని.

అక్క చెప్పిన బుద్ధిమంతుల గురించే మొదట చెబుతాను. 1948 నుంచి లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రుల్లో చేర్చిన చిన్నపిల్లల్ని గమనించాడు. అప్పట్లో అక్కడ తల్లిదండ్రుల్ని లోపలికి సరిగ్గా రానిచ్చేవారు కాదు. పిల్లలు మొదట గోల చేసేవారు. తర్వాత మూల కూర్చుని మౌనంగా ఏడ్చేవారు. ఆ తర్వాత అందరితో ఆడుకునేవారు, నవ్వేవారు. నర్సులేమో "అలవాటు పడిపోయాడు" అని సంతోషపడేవారు. తల్లి వచ్చిన రోజు మాత్రం ఆ పిల్లవాడు మొహం పక్కకు తిప్పుకునేవాడు. అది అలవాటు పడటం కాదు, తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకోవడం అన్నాడాయన. మొదట వైద్యులు ఒప్పుకోలేదు. పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రుల్ని ఆంక్షల్లేకుండా రానివ్వాలని అక్కడి ప్రభుత్వ కమిటీ సిఫార్సు చేసేసరికి 1959 అయింది.

ఆయన పనిచేసింది జాన్ బౌల్బీ దగ్గర. బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తల్లి పెంపకం మీద నివేదిక రాసినాయన. ఆయన్నీ కన్నతల్లి కంటే ఆయానే ఎక్కువగా పెంచింది. నాలుగేళ్లు నిండకముందే ఆ ఆయా ఉద్యోగం మానేసి పోయింది. అది తల్లిని పోగొట్టుకున్నట్టే ఉండిందని పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

పీలేరు అన్నా, మీరు సాకు వెతుక్కోవడం లేదు. గేటు దగ్గర నిలబడేది, వచ్చాక మాట్లాడనిది ఒక్కరే, తల్లి వచ్చాక మొహం తిప్పుకున్న ఆ పిల్లవాడిలాగే. కాకపోతే ఒక మాట అడుగుతాను. మూడేళ్ల వయసునాటి సంగతి పొయ్యితో, బొరుగులతో సహా అంత స్పష్టంగా గుర్తుండటం అరుదు. ఆ పొద్దు 1989దో 1992దో మీ అమ్మను అడిగి చూస్తారా? తొందరేం లేదు.

నిద్ర పట్టకపోయినా, కోపం చెయ్యి దాటుతోందనిపించినా 14416కు చెయ్యండి. టెలి మానస్. ప్రభుత్వానిది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

చెనక్కాయల చేను, ఉదయం 10:15

మేడమ్, లండన్ ఆసుపత్రికీ పీలేరు పల్లెకీ ఏం పోలిక? వాళ్లకు అమ్మ తప్ప దిక్కు లేదు. మనకు అవ్వ, పిన్నమ్మ, పక్కింటామె, వీధి వీధంతా అమ్మలే.

మాటల డాక్టరు, ఉదయం 11:02

అందులో సగం మీరు చెప్పిందే నిజం, ఒప్పుకుంటాను. బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ మొదట పల్లెల్లో తల్లీబిడ్డల్ని గమనించింది ఆఫ్రికాలో, ఉగాండాలోనే. బిడ్డ ఒక్కరికే అతుక్కోవాలనే నియమం లేదు. నమ్మకంగా, రోజూ, పిలిస్తే పలికే మనిషి కావాలి. అది అవ్వైనా సరే.

హవాయి దీవుల్లో కావాయ్ అని ఒకటుంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం నలభై ఏళ్లు వచ్చేదాకా గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు, ఇలా కష్టాలు మూకుమ్మడిగా మీద పడ్డ పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా నిలబడ్డారు. వాళ్లలో తరచుగా కనిపించినది ఏమిటంటే, అమ్మానాన్నల వల్ల కాకపోయినా చిన్నప్పుడు గట్టిగా పట్టుకున్న పెద్ద మనిషి ఒకరున్నారు. అవ్వో, అత్తో, బడి అయ్యవారో.

దీనికి పూర్తిగా అటువైపు చూడాలంటే రుమేనియా. పీలేరు అన్న వాళ్లమ్మ కువైట్ పోయిన 1989లోనే అక్కడి చౌషెస్కు ప్రభుత్వం కూలింది. అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. తిండి ఉంది, మంచముంది, ఎత్తుకునే చెయ్యి లేదు. తర్వాత బుకారెస్ట్‌లో 136 మంది చిన్నపిల్లల్ని తీసుకుని, చీటీలు వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకిచ్చి చూశారు. ఇళ్లకు పోయినవాళ్లు బాగుపడ్డారు. రెండేళ్ల లోపు పోయినవాళ్లు చాలా విషయాల్లో మరింత బాగుపడ్డారు. అన్నది ఆ కథ కాదు. ఆయనకు అవ్వ ఉంది. అయినా మీరు "చాలదా" అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. అవ్వ ఉండటం ఆయన్ను నిలబెట్టింది. అమ్మ చెప్పకుండా పోవడం మాత్రం అట్లాగే మిగిలింది.

స్టాండు చప్పుడు (పుత్తూరు), మధ్యాహ్నం 2:30

మా అమ్మ ఎక్కడికీ పోలేదు. నాన్న కూడా ఇంట్లోనే. అదే వచ్చిన చిక్కు.

ఆయన రాత్రి స్కూటర్ స్టాండు వేసే చప్పుడును బట్టి ఎంత తాగొచ్చాడో చెప్పేసేదాన్ని. మెల్లగా వేస్తే అన్నం తినొచ్చు. ఠక్కున వేస్తే పుస్తకాలు సర్దేసి చెల్లెల్ని తీసుకుని పక్కింటి మేడ మీదికి. ఇప్పుడు నాకు 34. బ్యాంకు కౌంటర్‌లో పని. వచ్చే మనిషి నోరు తెరవకముందే గొడవ పడతాడా లేదా తెలిసిపోతుంది. మేనేజర్ నన్ను భలే మెచ్చుకుంటాడు. ఆ చదువు ఎక్కడ చదివానో ఆయనకేం తెలుసు! అదే విద్య ఇంట్లో పనికిరాదు. మా ఆయన తలుపు కాస్త గట్టిగా వేస్తే నా చేతులు చల్లబడిపోతాయి. ఆయన పాపం మెతక మనిషి. గాలికి పడిందే తలుపు అని ప్రతిసారీ చెప్పుకోవాల్సి వస్తుంది.

నెట్‌లో పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది కదా, బాల్యం గురించి. రాశాను. ఆరు వచ్చింది. నాలుగు వచ్చినా, దాటినా గుండెజబ్బులట, ఆయుష్షు తగ్గుతుందట. ఆ రాత్రి నిద్రపోలేదు.

మాటల డాక్టరు, మధ్యాహ్నం 3:10

అమ్మా, ఆ పరీక్ష మీ జాతకం కాదు. అది విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు అమెరికాలోని శాన్ డియెగోలో 17,000 మందికి పైగా పెద్దవాళ్లను అడిగి చేసిన అధ్యయనంలోంచి పుట్టింది. 1998లో మొదటిసారి ప్రచురించారు. గుంపు మొత్తం మీద చూస్తే కష్టాలు పెరిగే కొద్దీ రోగాలూ పెరిగాయి, అది నిజం. కానీ ఒక్కో మనిషికి ఏమవుతుందో దాంతో చెప్పలేం. మనుషుల్ని విడివిడిగా తూచడానికి ఈ స్కోరు వాడకండని ఆండా గారే 2020లో రాశారు. పక్కింటి మేడ తలుపు తీసినవాళ్లకు అందులో మార్కుల్లేవు చూడండి.

కొండకింద (తిరుపతి), సాయంత్రం 4:45

ఇక్కడ రెసిడెన్షియల్ కాలేజీల గురించి కూడా ఎవరైనా రాయండి. నన్ను ఆరో తరగతిలో హాస్టల్లో వేశారు. నెలకొక ఆదివారం అమ్మ పులిహోర తెచ్చేది. తినేసరికి టైం అయిపోయేది. నాకిప్పటికీ పులిహోర గొంతు దిగదు. తిరుపతిలో ఉంటూ పులిహోర తినని మనిషిని నేనొక్కణ్ణే అనుకుంటా.

మదనపల్లె మాస్టరు, రాత్రి 8:20

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషినే ఒకర్ని గుర్తు చేస్తాను. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మా మదనపల్లెలోనే పుట్టాడు. పదేళ్లకు తల్లి సంజీవమ్మ పోయింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, ఊరూరా బదిలీలు. రిటైరయ్యాక పిల్లల్ని తీసుకుని మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. 1909లో అక్కడివాళ్ల కంట్లో పడ్డాడు కృష్ణమూర్తి, కాబోయే జగద్గురువు ఇతడే అని. సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ పిల్లల బాధ్యత తీసుకుంది. 1912లో తండ్రి నా పిల్లలు నాకు కావాలని దావా వేశాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్లో ఓడిపోయాడు. పొలం గట్టు తగాదాలా పిల్లల మీద కోర్టులు తిరిగాయి.

అదంతా పడ్డ మనిషి 1929లో తనకోసం కట్టిన సంస్థను తనే రద్దు చేసేసి, నన్నెవరూ అనుసరించొద్దు అన్నాడు. "చిన్నప్పుడు ఊరూ తల్లీ పోయినవాడు, అందుకే దేనికీ అతుక్కోలేదు" అని మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన సూత్రీకరించేవాడు. నాకది నచ్చదు. అదే తల్లి కడుపున పుట్టి, అదే ఇంట్లో పెరిగినవాళ్లు ఇంకా ఉన్నారు కదా. వాళ్లెవరూ కృష్ణమూర్తి కాలేదు. గాయం నుంచి మనిషి దాకా తిన్నగా గీత గీయొద్దు. ఒకటి మాత్రం గమనించండి. ఊరు మారినా, దేశం మారినా తమ్ముడు నిత్యానంద ఆయన పక్కనే ఉన్నాడు. 1925లో ఆ తమ్ముడు పోయినప్పుడు ఆయన కుప్పకూలిపోయాడు.

కువైట్ రమణమ్మ కాదు (రేణిగుంట), సోమవారం రాత్రి 9:15

(నాకు రాయడం రాదు, నా కూతురు టైపు చేస్తోంది.)

అందరూ పిల్లల తట్టు నుంచే రాస్తున్నారు. పోయినదాన్ని నేను. 1996 నుంచి 2007 దాకా రెండిళ్లలో కద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా చేశాను. పోయేటప్పుడు దీనికి నాలుగేళ్లు. దీని నాయన చేసిన అప్పు 80 వేలు. వడ్డీకి కూడా కూలి చాలలేదు. సరదాకు పోలేదు నాయనా.

అక్కడ ఒక పసిబిడ్డను చేతికిచ్చారు. వాడికి స్నానం, పాలు, జోల, అన్నీ నేనే. వాడు నన్ను "మామా" అనేవాడు, అక్కడ అమ్మను అట్లా అంటారు. ఇక్కడ నా బిడ్డ నన్ను "ఆమె" అనేది. ఊరి నుంచి వచ్చేవాళ్లతో క్యాసెట్ పంపేవాళ్లు. అందులో ఇది పలికిన పద్యాలు, దగ్గు, వెనక కోళ్ల అరుపులు. ఇది పెద్దమనిషైన సంగతి నాకు క్యాసెట్‌లోనే తెలిసింది. ఆ రాత్రి బాత్రూంలో నీళ్లు తిప్పుకుని ఏడ్చినా, లోపల సేటమ్మకు వినపడకుండా.

వచ్చాక అనుకున్నా, ఇది వచ్చి మెడకు చుట్టుకుంటుందని. రాలేదు. బంగారు కమ్మలు తెచ్చినా. "అక్కడ పెట్టు" అనింది. ఒక సంవత్సరం పట్టింది ఇది నా చేతి అన్నం తినడానికి. నేను బలవంతం చెయ్యలేదు. దీని మంచం పక్కన చాప వేసుకుని పడుకునేదాన్ని, అంతే.

ఇంకొక మాట. మా వీధిలో మొగోళ్లు కూడా చానా మంది గల్ఫ్‌కు పోయినారు. వాళ్ల పిల్లలకు ఏమైందని ఒక్కరైనా అడిగినారా? అమ్మ పోతేనే అందరికీ గుర్తొస్తుంది.

(టైపు చేస్తున్నది ఆ కూతుర్నే. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను. బాత్రూం సంగతి నేనూ ఇవాళే విన్నాను.)

చెనక్కాయల చేను, సోమవారం రాత్రి 10:30

మా నాయన కూడా ఏడేళ్లు దుబాయ్‌లో ఉన్నాడు. నిజమేనమ్మా, ఆ సంగతి ఎవరూ అడగలేదు. నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

పీలేరోడు, మంగళవారం అర్ధరాత్రి 12:10

అందరికీ దండాలు. రేణిగుంట అమ్మ రాసింది మూడుసార్లు చదివాను. నిన్న రాత్రి కరెంటు పోయింది. అమ్మా నేనూ వరండాలో కూర్చున్నాం. చీకట్లో మొహం కనపడదు కాబట్టి అడిగేశాను. "నువ్వు నాకు చెప్పకుండా ఎందుకు పోయినావు?"

"యాడ చెప్పకుండా పోయినా? మొదటిసారి రేణిగుంట దాకా నువ్వూ వచ్చినావు కదరా" అంది. బొంబాయి బండి. నేను నాయన భుజం మీద కూర్చున్నానట. బన్ను కొనిస్తే సగం తుంచి కిటికీలోంచి ఆమెకిచ్చానట. నవ్వుతూ టాటా చెప్పానట. ఆ సగం బన్ను గుంతకల్లు దాటినా ఆమె నోట పెట్టుకోలేదట. నాకిదేమీ గుర్తు లేదు, ఒక్క ముక్క కూడా.

చెప్పకుండా పోయింది రెండోసారట, 1992లో. డాక్టరమ్మ సరిగ్గానే పట్టుకున్నారు. "నీ టాటా చూసినాక ఏడాది నిద్ర లేదు. ఇంకొకసారి ఆ మొహం చూస్తే రైలెక్కలేననుకున్నా. అందుకే నువ్వు లేవకముందే పోయినా. బొరుగుల మాట అవ్వ చెప్పింది, నేను చెప్పమనలేదు."

ఇంకొకటి చెప్పింది. యుద్ధమప్పుడు ఇరాక్ మీదుగా జోర్డాన్ దాకా పోయి, అమ్మాన్ నుంచి విమానంలో వచ్చిందట. అప్పుడు ప్రభుత్వం దాదాపు 1,70,000 మందిని అట్లా తెచ్చిందని తర్వాత చదివాను. కట్టుబట్టలతో ఇంటికొచ్చిన ఆ సాయంత్రం నేను అవ్వ కొంగు వెనక దూరి, "అవ్వా, ఈమె ఎప్పుడు పోతుంది?" అని అడిగానట. నేను బొరుగుల్ని పట్టుకుని కూర్చున్నాను. ఆమె 35 ఏళ్లుగా ఈ మాటను పెట్టుకుని కూర్చుంది.

తర్వాత కరెంటొచ్చింది. ఇద్దరం లేచి పోయి పడుకున్నాం.

మాటల డాక్టరు, బుధవారం ఉదయం 7:30

అన్నా, మీది అబద్ధపు జ్ఞాపకమేమీ కాదు. రెండు పోవడాలు ఒకటైపోయాయి, అంతే. పసివయసు జ్ఞాపకాలు అట్లా కలుస్తాయి. టాటా చెప్పిన పిల్లవాడూ మీరే, దాన్నీ ఉంచుకోండి.

పీలేరోడి ఇంటామె, బుధవారం రాత్రి 10:05

నేనూ మొదటి నుంచీ చదువుతున్నాను. ఆయనకు ఇందాకే చెప్పాను. "పోనా?" అని నేనడిగింది పర్మిషన్ కాదు. పాపను, మీ అమ్మను, నిన్ను నువ్వు చూసుకోగలవా అని. దానికి "నీ ఇష్టం" అంటే నాకేం అర్థం కావాలి?

పోతానో లేదో ఇంకా తేలలేదు. చేరే తేదీ మూడు నెలలు వెనక్కి జరపమని అడిగాను. పోతే మాత్రం పాపకు చెప్పే పోతాను. ఆదివారం అత్తమ్మ, పాప, మేము రేణిగుంట స్టేషన్‌కు పోతున్నాం. బండి ఏ ప్లాట్‌ఫామ్ మీద నిలబడిందో అత్తమ్మ చూపిస్తానంటోంది.

రేణిగుంట అమ్మా, మీకొక ప్రశ్న. మస్కట్ మనకంటే గంటన్నర వెనక. నైట్ డ్యూటీ లేని రోజుల్లో పాప పడుకునే ముందు వీడియో కాల్ చేసి కథ చెప్పాలనుకుంటున్నాను. ఆ టైం మంచిదేనా?

కువైట్ రమణమ్మ కాదు, బుధవారం రాత్రి 10:50

రాత్రి వద్దమ్మా. రాత్రి చేస్తే, నువ్వు ఫోన్ పెట్టేశాక బిడ్డ ఆ చీకట్లో నిన్నే వెతుక్కుంటుంది. పొద్దున చెయ్యి, పళ్లు తోముకునేటప్పుడు. నువ్వు పెట్టేశాక దానికి ఇస్కూలుంటుంది, పాలుంటాయి, జడ వేసేవాళ్లుంటారు. రాత్రి కథ మీ ఆయన్ను చెప్పమను.

(అమ్మ చెప్పింది నిజం. ఫోన్ వచ్చాక మా ఇంట్లో అన్నీ రాత్రి కాల్సే.)